మార్చి పంతొమ్మిది, రెండో షో

తుప్పు సైకిల్ బ్యాండుకు ఆ పేరెలా వచ్చిందని అడిగితే ఆ నలుగురూ నాలుగు కథలు చెబుతారు. ఒక్కొక్కరు ఒక్కో టీవీలో ఒక్కోలా చెప్పి, ఆనక ఎవరి కథను వాళ్ళే నమ్మేసి, ఇప్పుడు ఒట్టేసి మరీ చెబుతున్నారు. అసలు సంగతి అక్కకు తెలుసు. ఆవిడ దగ్గర కాగితం ఉంది. మొట్టమొదటి కచేరీకి కాలేజీవాళ్ళు ఒక ఫారం ఇచ్చారు. అందులో "ఏ వాహనంలో వస్తారు" అన్న గడిలో రాయాల్సిన ముక్కను డ్రమ్ములవాడు పైన "బ్యాండు పేరు" అన్న గడిలో రాశాడు. అంతే. దానికి లోతైన అర్థాలు లాగుతూ ముప్ఫై ఏళ్ళుగా జనం వ్యాసాలు రాసుకుంటున్నారు.

అక్క అంటే పాటగాడికి సొంత అక్క. మిగతా ముగ్గురికీ అక్కే, వాళ్ళ పెళ్ళాలకూ పిల్లలకూ అక్కే, చివరికి కూపీ లాగడానికొచ్చే పత్రికలవాళ్ళకు కూడా అక్కే. బస్సు డిపోలో ముప్ఫై ఒక్కేళ్ళు టైంటేబుళ్ళు వేసి రిటైరైంది. బ్యాండు మొదలైన రోజుల్లో అందరి ఇళ్ళలోనూ కలిపి ఫోనున్నది ఆవిడ ఇంట్లోనే. "మావాడు ఇవాళ ఏ ఊళ్ళో ఉన్నాడమ్మా" అని ముందు తల్లులు, తర్వాత పెళ్ళాలు ఫోన్లు చేసేవారు. చెప్పలేక చెప్పలేక వంటింటి గోడ కేలండరు మీద రాసిపెట్టడం మొదలుపెట్టింది: ఇవాళ ఫలానా ఊరు, రేపు రిహార్సలు, ఎల్లుండి ప్రయాణం. ఏడాది తిరిగాక కేలండరును పారెయ్యబుద్ధి కాలేదు. దాంతోపాటు పాటల లిస్టులు, టిక్కెట్టు ముక్కలు, క్యాసెట్లు కూడా అటక ఎక్కాయి. అందుకే పుస్తకాల కంపెనీ ఎడిటరమ్మ వచ్చి, "మీ బ్యాండు చరిత్రను రోజువారీగా, ఏ తేదీకా తేదీ వేద్దాం" అన్నప్పుడు నలుగురూ అక్క వైపు వేలు చూపించి హాయిగా టీ తాగుతూ కూర్చున్నారు.

ప్రతి తేదీకి నాలుగు లైన్లు. ఎక్కడున్నారు, ఏం పాడారు, ఏది రికార్డు చేశారు. మూడు నెలల్లో తేలిపోతుందనుకుంది. ఎనిమిది నెలలయ్యేసరికి ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది.

ఎందుకంటే వాళ్ళకు తేదీలుండవు. వాళ్ళకుండేవి "అదే అక్కా, మైకు కాలిపోయిన ఊరు", "అదే, లంబూ ప్యాంటు చిరిగిన రోజు". లంబూ ప్యాంటు మొత్తం పదకొండు ఊళ్ళలో చిరిగింది. అక్క లెక్కపెట్టింది. బేసు గిటారు వాయించే ఈ లంబూకు సొంత పెళ్ళిరోజు కూడా గుర్తుండదు, ఏటా అక్కకు ఫోన్ చేసి కనుక్కుంటాడు. డ్రమ్ములు వాయించే పిడుగుకు మాత్రం అన్నీ గుర్తే, గొడవంతా అక్కడే. జరగనివి కూడా గుర్తే. ఇక లీడ్ గిటారు వాయించే మౌని ఉన్నాడు. అడిగిన దానికి తప్ప జవాబు చెప్పడు, అడిగినా తల ఊపుతాడు. ఫోనులో కూడా తల ఊపుతాడు. అది అవతలివాళ్ళకు కనబడదని ఇన్నేళ్ళలో ఎవరూ అతనికి నచ్చజెప్పలేకపోయారు.

విసుగెత్తి అక్క ఒక నియమం పెట్టుకుంది. నోటిమాట రాయనంటే రాయను, కాగితం చూపించండి. డిపోలో కూడా ఆవిడది అదే పద్ధతి. బస్సు ఎందుకు ఆలస్యమైందో డ్రైవరు చెప్పే కథ ఆవిడ వినేది కాదు, గేటు దగ్గర రిజిస్టరు చూసేది. వర్షం వల్ల ఆలస్యమైందని ఎవరైనా అంటే, ఆ రోజు వర్షం పడిందో లేదో కూడా రిజిస్టర్లో చూసేది. మనుషులు గోరంతను కొండంత చేస్తారు, కాగితానికి ఆ అవసరం లేదని ఆవిడ గట్టి నమ్మకం.

ఆ నమ్మకం తమ్ముడి దగ్గరే ఎక్కువ పనిచేసింది.

ఇరవై ఆరేళ్ళ కిందటి మార్చి పంతొమ్మిదో తేదీన డిపో షెడ్డులో ఆగి ఉన్న బస్సొకటి వెనక్కి జారి, గోడకూ దానికీ మధ్య అక్క కాలు నలిగింది. చాలా రక్తం పోయింది. ఆవిడది తేలిగ్గా దొరికే గ్రూపు కాదు. ఇంటాయన కరెంటు లైన్ల పని మీద ఎక్కడో కొండల్లో ఉన్నాడు. అదే గ్రూపున్న తమ్ముడు రెండు గంటల దూరంలో ఒక హాల్లో పాడుతున్నాడు. డిపోవాళ్ళు ఆ హాలుకు ఫోన్ చేశారు. మూడో రోజు అక్క కళ్ళు తెరిచేసరికి రక్తం ఎక్కించడం, కాలు కుట్టడం అన్నీ అయిపోయాయి. ఇచ్చింది ఎవరంటే ఆస్పత్రి రిజిస్టర్లో ఒక నంబరు ఉంది తప్ప పేరు లేదు. ఆ కాలు ఇప్పటికీ కాస్త ఈడుస్తూనే నడుస్తుంది.

రెండు వారాల తర్వాత తమ్ముడు ఒక చేత్తో పళ్ళు, ఇంకో చేత్తో పాటల లిస్టుల కట్ట పట్టుకుని వచ్చాడు. "నా రక్తం ఎలా ఉందక్కా, ఒంటబట్టిందా?" అన్నాడు. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది. అతను వెళ్ళాక, మంచం మీద ఊరికే పడి ఉండలేక ఆ కట్ట విప్పి తేదీల వారీగా సర్దడం మొదలుపెట్టింది. మార్చి పంతొమ్మిది కాగితం చేతికొచ్చింది.

ప్రతి షోకూ పాటల లిస్టు మౌనియే రాస్తాడు, గుండ్రటి అక్షరాలతో. పాట అయిపోగానే పక్కన టిక్కు పెడతాడు. రోజుకు రెండు షోలుంటే కాగితం ముందువైపు మధ్యాహ్నం షో, వెనకవైపు సాయంత్రం షో. తేదీ ముందువైపే, పైన ఒక మూల. ఇది అక్కకు కంఠతా వచ్చిన పద్ధతి. మార్చి పంతొమ్మిది కాగితానికి రెండు వైపులా లిస్టులున్నాయి. వెనకవైపు పన్నెండు పాటలు, పన్నెండింటికీ టిక్కులు. అంటే అక్క ఆస్పత్రిలో చావుబతుకుల్లో ఉన్న సాయంత్రం, తమ్ముడు అక్కడే నిలబడి పన్నెండు పాటలు పాడాడు.

అక్క ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి మూసేసింది. అతన్ని అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం చెబుతాడు, దాన్ని కూడా మొయ్యాలి. పోనీలే, పిల్లవాడు, కచేరీ వదిలి రాలేకపోయాడు, రాలేదని చెప్పడానికి మొహం చెల్లలేదు అనుకుంది. అంతటితో అయిపోయేది. కానీ వాడు ఊరుకున్నాడా? పేరొచ్చాక ప్రతి టీవీలో, ప్రతి సభలో అక్కను పక్కన నిలబెట్టి, "మా అక్క నా రక్తం తాగుతుందని అందరూ అంటారు, నిజంగానే తాగింది" అని చెప్పి జనాన్ని నవ్వించేవాడు. చప్పట్లు కొట్టేవాళ్ళు. ముక్కూమొహం తెలియని మనిషి ఎవరో రక్తం ఇచ్చి ప్రాణం నిలబెడితే, ఆ పుణ్యం వీడు జేబులో వేసుకుని తిరుగుతున్నాడని అక్కకు ఒళ్ళు మండిపోయేది. పైకి నవ్వేది. లోపల మాత్రం తమ్ముడు ఏం చెప్పినా, చిన్నమాటైనా సరే, సగానికి సగం కొట్టేసి వినడం అలవాటైపోయింది. టిఫిను తిన్నానంటే కూడా వాడి భార్యను అడిగి రూఢి చేసుకునేది.

తొమ్మిది రోజుల కిందట అతను పుస్తకం ప్రూఫులు చూడటానికొచ్చాడు. భోజనాల బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగాడు.

"అక్కా, మార్చి పంతొమ్మిది. 'మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, రెండు షోలు' అని రాశావేంటి?"

"కాగితంలో అలాగే ఉంది."

"నేను నీకు రక్తం ఇచ్చిన రోజది."

అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇరవై ఆరేళ్ళుగా నొక్కిపెట్టిన మాట నోరు దాటింది. "ఇవ్వలేదని నాకు తెలుసురా. ఎప్పుడో తెలుసు. నేనేమీ అనలేదు కదా. కానీ పుస్తకంలో అబద్ధం రాయమంటే రాయలేను."

అతను అరిస్తే బాగుండేది. చేతిలోని కప్పు బల్ల మీద పెట్టాడు. "అయితే ఇన్నేళ్ళూ నేను ఆ మాట అన్నప్పుడల్లా, నువ్వు పక్కన నిలబడి నన్ను అబద్ధాలకోరు అనుకున్నావన్నమాట" అన్నాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చే ఫోను ఆ ఆదివారం రాలేదు. అక్క ఫోను దగ్గర కుర్చీ వేసుకుని పదకొండింటి దాకా కూర్చుని, చివరికి ఇంటాయన మీద ఊరికే విరుచుకుపడింది.

ఇది జరిగాక బుధవారం పొద్దున ఎడిటరమ్మ ఫోన్ చేసింది. శుక్రవారం పుస్తకం ప్రెస్సుకు వెళ్ళాలి.

"మేడమ్, ఒక్క చిక్కు మిగిలిందండీ. 'వంకర గొడుగు' పాట మార్చి ఇరవై ఒకటిన పుట్టిందని పిడుగు గారు గట్టిగా చెబుతున్నారు. మీరేమో మార్చి పంతొమ్మిది రెండో షోలో అది పాడినట్టు రాశారు. పుట్టకముందే ఎలా పాడారని మా ప్రూఫ్ రీడరు అడుగుతున్నారు."

"పిడుగు చెప్పాడంటే అది తప్పనే లెక్కమ్మా" అంది అక్క. "అదే రోజు షోలోకి ఒంటె వచ్చిందని కూడా చెప్పాడు."

"వంకర గొడుగు కదండీ, జనం ముందు ఆ పేజీయే తిప్పి చూస్తారు. ఒక్కసారి సరిచూడండి."

ఆ మాట నిజమే. తుప్పు సైకిల్ అంటే వంకర గొడుగు, వంకర గొడుగు అంటే తుప్పు సైకిల్. పెళ్ళిళ్ళలో వాయిస్తారు, ఫుట్‌బాల్ మైదానాల్లో అరుస్తారు. ఏ పిల్ల కోసం రాశాడని ఇప్పటికీ జనం వాదించుకుంటారు. అక్క పళ్ళు నూరుకుంటూ పిడుగుకు ఫోన్ చేసి ఉన్నపళంగా రమ్మంది.

పిడుగు పదకొండింటికి వచ్చాడు. యాభై దాటినా కుదురు లేదు, కుర్చీలో కూర్చున్నా పది వేళ్ళతో బల్లను వాయిస్తూనే ఉంటాడు. చంకలో చెప్పుల డబ్బా ఒకటి ఉంది.

"ఒరేయ్, ఆ వాయింపు ఆపు. ఇరవై ఒకటి అని ఏ ఆధారంతో చెబుతున్నావ్?"

"నాకు గుర్తుందక్కా. రైలు గేటు పడింది. గూడ్సు బండి. వ్యాన్లో కూర్చుని కట్టాం ఆ పాట."

"నీకు ఒంటె కూడా గుర్తుంది."

"ఒంటె సంగతి వదిలెయ్, అది వేరే ఊరేమో. కానీ ఆ పంతొమ్మిదిన ఒక్కటే షో అక్కా. నీకు చెప్పాను కూడా, నువ్వు ఎర్రసిరాతో కొట్టేశావు."

"కాగితంలో రెండున్నాయి."

"అయితే ఇది విను." పిడుగు చెప్పుల డబ్బా మూత తీశాడు. లోపల క్యాసెట్లు. అతని చేతిరాత అతనికే అర్థం కాదు కనుక, అప్పట్లో క్యాసెట్టు మీద రాయకుండా, మొదలుపెట్టే ముందు తేదీని గట్టిగా పలికేవాడు. ఆ అలవాటును అందరూ ఎగతాళి చేసేవారు. అక్కకు ఆ సంగతి తెలుసు. కానీ అవి నోటిమాటలు కదా అని ఆ డబ్బా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఇంటాయన పాత టేప్ రికార్డరు వెతికి దుమ్ము దులిపి తెచ్చాడు. క్యాసెట్టు గరగరలాడింది. తర్వాత కుర్ర గొంతు ఒకటి: "మార్చి ఇరవై ఒకటి. రైలు గేటు. గూడ్సు పోతోంది. ఒకటో ముక్క." వెనకాల నిజంగానే గూడ్సు బండి, ఎంతకీ తరగని చప్పుడు. ఆ చప్పుడు మీద తమ్ముడి గొంతు కూనిరాగం తీస్తోంది. మాటలింకా కుదరలేదు. గొడుగు దగ్గర ఆగుతున్నాడు, వెనక్కి వెళుతున్నాడు, మళ్ళీ గొడుగు దగ్గరే ఆగుతున్నాడు. పాట అప్పుడే పుడుతోందని అక్కకు కూడా తెలుస్తోంది.

"చూశావా" అన్నాడు పిడుగు, గెలిచినట్టు.

"ఉండరా."

టేపులో లంబూ గొంతు వినబడింది. "గిటారు ఎత్తుకోవేం రా? ఊరికే మూలుగుతున్నావు."

తమ్ముడి గొంతు, ఇరవై మూడేళ్ళప్పటిది. "గిటారు పట్టీ తగిలితే చెయ్యి లాగుతోంది. ఇదిగో చూడు, మోచెయ్యంతా నల్లబడింది. ఆ నర్సుకు నరం దొరక్క మూడు చోట్ల పొడిచింది."

"కళ్ళు తిరిగి పడిపోయావట కదా, ఆస్పత్రికి ఫోన్ చేస్తే చెప్పారు."

"పడిపోలేదు. కూర్చున్నాను. కొంచెం వేగంగా కూర్చున్నాను. అక్కకు మాత్రం చెప్పకండి, జన్మంతా నవ్వుతుంది."

నలుగురూ నవ్వారు. గూడ్సు బండి ఇంకా పోతూనే ఉంది.

"ఇక్కడ కాదక్కా, ముందు పల్లవి విను, అక్కడ తాళం నేనే మార్చాను" అని పిడుగు టేపు వెనక్కి తిప్పబోయాడు. అక్క అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ మొహం చూసి పిడుగు మొదటిసారి వేళ్ళు కదపడం మానేశాడు.

"వీడు రక్తం ఇచ్చాడని నీకు తెలుసా?"

"తెలియకేం. మధ్యలో వదిలేసి పరిగెత్తాడుగా. జనం కుర్చీలు విరగ్గొట్టారు."

"మరి నాకు చెప్పవేం?"

"నీకే ఇచ్చాడు కదక్కా. నీకు నేను చెప్పేదేముంది?"

అక్క ఫైలు తీసి మార్చి పంతొమ్మిది కాగితాన్ని ప్లాస్టిక్ కవరులోంచి బయటికి లాగింది. వెనకవైపు రెండో వరసలోనే ఉంది, వంకర గొడుగు, టిక్కుతో సహా. ఈ కాగితం అబద్ధమా, ఆ గొంతు అబద్ధమా? రెండూ నిజమవడానికి వీల్లేదు. మౌనికి ఫోన్ చేసింది.

"నేనురా. నువ్వు తల ఊపకుండా నోరు తెరిచి జవాబు చెప్పాలి. ఆ ఏడు మార్చిలో పాటల లిస్టు కాగితం వెనక్కి తిప్పి ఏం రాసేవాడివి?"

కాసేపు ఏమీ వినబడలేదు. తల ఊపుతున్నాడని అక్కకు అర్థమైంది. "నోరు" అంది.

"తర్వాతి ఊరు లిస్టక్కా."

"అదే రోజు సాయంత్రం షో కాదా?"

"రోజుకు రెండు షోలు ఆ ముందటేడుతోనే ఆపేశాం. ఆ ఏడు ఒక్కటేగా. నిన్న దేంతో మొదలుపెట్టామో కనబడితే ఇవాళ ఇంకోదాంతో మొదలుపెట్టొచ్చని, అదే కాగితం తిప్పి రాసేవాణ్ణి."

"తేదీ?"

"ముందువైపు ఉందిగా. వెనకవైపు ఏ ఊరో నాకు తెలుసుగా."

"ఇన్నేళ్ళలో ఈ ముక్క నాకు చెప్పాలనిపించలేదా నీకు?"

"నువ్వు అడగలేదక్కా."

అక్క ఫోను పెట్టేసింది. గోడకేసి కొట్టాలనిపించింది కానీ, ఫోను తనది. ఆ ఏడు సగం ఊళ్ళకు లిస్టులు దొరకలేదు. అవి లంబూ పోగొట్టాడని ఇరవై ఆరేళ్ళుగా అతన్ని తిడుతోంది. ఏమీ గుర్తుండని లంబూ తిట్టినప్పుడల్లా "పోయే ఉంటాయక్కా, క్షమించు" అని ఒప్పుకుంటూ వచ్చాడు. ఒక్కటీ పోలేదు. అన్నీ ఆవిడ ఫైల్లోనే, కాగితాల వీపుల మీద, ముందు ఊరి తేదీ కింద కూర్చుని ఉన్నాయి.

అప్పుడు కాగితం ముందువైపుకు తిప్పింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ వైపును చదవలేదని కాదు, చదివింది. పదకొండు పాటలు. ఏడింటికి టిక్కులున్నాయి. కింది నాలుగింటికి లేవు. సాయంత్రం షో కోసం మధ్యాహ్నం షో తొందరగా ముగించారని అప్పట్లో తనే తీర్పు చెప్పేసుకుంది. ఏడో పాట పక్కన టిక్కు సగంలోనే ఆగిపోయింది, చిన్న గీత, అంతే. డిపోవాళ్ళ ఫోను కబురు అందింది ఆ పాట మధ్యలోనే కాబోలు. అది ఏడో పాటలో మైకు వదిలేసి బయటికి పరిగెత్తిన మనిషి కాగితం. దాన్ని ఆవిడ ఎంతో భద్రంగా, చెమ్మ తగలకుండా, అతని మీద సాక్ష్యంగా దాచింది.

అక్కకు తన మీద తనకే అసహ్యం వేసింది. సిగ్గు కూడా వేసింది. వాడు టీవీలో ఆ మాట అన్నప్పుడల్లా తను నవ్విన నవ్వు గుర్తొచ్చింది. చప్పట్ల మధ్య నిలబడి, ఎంత బాగా నటిస్తున్నాడో అనుకునేది. నటించింది తనే.

"పద" అంది పిడుగుతో.

"ఎక్కడికి?"

"మీ కొట్టుకి. వాడక్కడే ఉంటాడుగా ఈవేళప్పుడు."

"అన్నం తిని వెళదాం అక్కా."

"పద అన్నాను."

బ్యాండు ఎంత పెద్దదైనా రిహార్సలు మాత్రం ఇప్పటికీ టైర్ల షాపు వెనక ఉన్న ఆ కొట్టులోనే. గోడలకు గుడ్ల అట్టలు అతికించి ఉంటాయి, అవి ఊడిపోతుంటే ఎవరో ఒకరు గమ్ము పూస్తారు. రబ్బరు వాసన. వైర్లు నేలంతా పాకి ఉంటాయి కనుక అక్క ఆ కాలు ఈడ్చుకుంటూ చూసి చూసి అడుగేసింది. తమ్ముడు కుర్చీలో కూర్చుని గిటారుకు తీగ మారుస్తున్నాడు. లంబూ గోడకానుకుని కునుకు తీస్తున్నాడు. మౌని కూడా వచ్చాడు, అక్కను చూసి తల ఊపాడు.

తమ్ముడు తలెత్తి, మళ్ళీ దించుకున్నాడు. "పుస్తకానికి సంతకం కావాలంటే లంబూను అడుగు. వాడెక్కడైనా పెడతాడు."

అక్క స్పీకరు పెట్టె మీద కూలబడింది. ఒళ్ళో నోటుపుస్తకం తెరిచి పెన్ను మూత తీసింది.

"మార్చి పంతొమ్మిది" అంది. "చెప్పు."

"కాగితంలో ఉందిగా."

"కాగితాన్ని నేను తప్పు చదివానురా. ఇరవై ఆరేళ్ళు తప్పు చదివాను. ఎలాగంటావా, మౌనిని అడుగు, వాడు చెప్పడు, నేనే తర్వాత చెబుతాను. ఇప్పుడు నువ్వు నీ నోటితో చెప్పు. ఎలా చెబితే అలా రాసుకుంటాను."

లంబూ కునుకు వదిలి లేచాడు. అక్క నోటిమాట రాసుకోవడం ఆ నలుగురిలో ఎవరూ ఇంతవరకు చూడలేదు.

"ఆధారం లేదు నా దగ్గర" అన్నాడు తమ్ముడు. గొంతులో కోపం ఇంకా ఉంది.

"నేను అడగలేదు."

అతను తీగ బిగించడం ఆపాడు. "ఏడో పాటలో ఉన్నాం. హాలు మేనేజరు చీటీ తెచ్చి మౌని చేతిలో పెట్టాడు. వీడు చదివి నాకు చూపించాడు. నేను మైకు అక్కడే పడేసి బయటికొచ్చాను. బస్సు లేదు. కూరగాయల లారీ ఎక్కాను." ఆగాడు. "రాస్తున్నావా?"

"లారీ. రాశాను."

"నన్ను గేటు బయటే దింపేశాడు. ఆస్పత్రి గేటు నుంచి లోపలికి చాలా దూరం కదా. ఒకటే వాన. తడిసి వస్తే లోపలికి రానివ్వరేమో, రక్తం తీసుకోరేమో అని నాకు భయం పట్టుకుంది, ఎందుకో. అక్కడున్న వాచ్‌మన్ తన గొడుగు ఇచ్చాడు. ఒక పక్క ఊచలు విరిగి వంకరపోయింది. దాని కింద పరిగెత్తుకుంటూ వచ్చాను. నువ్వు ఉంటావో ఉండవో తెలియదు."

అక్క పెన్ను ఆగింది.

ఆ రోజు వాన లేదు. మార్చి పంతొమ్మిది, పొడి వాతావరణం, అని డిపో రిజిస్టర్లో ఉంది. ఆ పేజీని ఆవిడే స్వయంగా చూసింది, ఈ పుస్తకం పని మీదే, ఆరు నెలల కిందట. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. తలెత్తి చూస్తే తమ్ముడు చెప్పడం ఆపి తనవైపే చూస్తున్నాడు. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి ఉంది. అతనికి ఆ చూపు బాగా అలవాటే. అక్క ఇప్పుడు కాదంటుందని ఎదురుచూస్తున్నాడు.

"వాన ఎలాంటిది?" అంది అక్క. "పెద్దదా, తుంపరా?"

"పెద్దదే."

అక్క తల దించుకుని, ఒక్కో అక్షరం కుదురుగా, పెద్ద వాన అని రాసింది.